సృజనాత్మక ఫొటోగ్రఫీ, ఫొటో ఎడిటింగ్ ప్రయోగాలు: కర్నూలు, కడప సీమ

నిర్వచనం, పరిధి

ఎదుట ఉన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు పట్టుకోవడంతో ఆగని ఫొటోగ్రఫీని సృజనాత్మక ఫొటోగ్రఫీ అంటారు. వెలుగు, లెన్సు, షట్టర్ తెరిచి ఉంచే సమయం, రసాయనం, కంప్యూటర్ వీటిలో దేన్నయినా మామూలుకు భిన్నంగా వాడి, కంటికి నేరుగా కనిపించని దృశ్యాన్ని కాగితం మీదికో తెర మీదికో తేవడం దీని లక్షణం. ఫొటో ఎడిటింగ్ తీసిన తర్వాతి దశకు చెందుతుంది. వెలుగునీడలు సరిచేయడం, మచ్చలు తీయడం, రంగులు మార్చడం, రెండు మూడు ఫొటోలను ఒకటిగా కలపడం, పాత ఫొటోను బాగుచేయడం దాని కిందికి వస్తాయి. ఈ రెండింటి మధ్య గట్టి గోడ లేదు. షట్టర్ నొక్కేముందే ఎడిటింగ్ ఎలా చేయాలో అనుకుని తీసే ఫొటోలు ఇప్పుడు ఎక్కువ.

ఈ వ్యాసంలో కర్నూలు, కడప సీమ అంటే పూర్వపు కర్నూలు, కడప జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో కర్నూలు నుంచి నంద్యాల జిల్లా ఏర్పడింది. కడప జిల్లాలో కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఈ ప్రాంతంలో ఫొటో ప్రయోగం ఆర్ట్ గ్యాలరీల ద్వారా జనంలోకి రాలేదు. ఊరి స్టూడియో, సినిమా హాలు, పెళ్లి ఆల్బమ్, ఫ్లెక్సీ దుకాణం దాన్ని తెచ్చాయి. ఇక్కడి చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఆ నాలుగింటినీ కళలో భాగంగానే లెక్కించాలి.

తొలి చరిత్ర: మద్రాసు దారి

1839లో పారిస్‌లో డాగెర్ ఫొటో తీసే పద్ధతి బయటపడిన కొన్నేళ్లకే ఫొటోగ్రఫీ భారతదేశానికి చేరింది. కర్నూలు నవాబు పాలన ముగిసింది కూడా 1839లోనే. ఆ తర్వాత కర్నూలు, అంతకు ముందు నుంచే కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కనుక ఈ విద్య ఇటు మద్రాసు మీదుగా వచ్చింది. మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856లో ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వం తన ఫొటోగ్రాఫర్‌గా నియమించుకున్న లినేయస్ ట్రైప్ దక్షిణాది ఆలయాలను కాగితపు నెగిటివ్‌ల మీద తీశాడు. అప్పటి రసాయనపు పూత నీలి వెలుగుకు విపరీతంగా స్పందించేది. అందువల్ల ఆకాశం ఖాళీ తెలుపుగా వచ్చేది. ట్రైప్ నెగిటివ్ మీదే రంగు పూసి మేఘాలు గీసేవాడు. మన ప్రాంతానికి దగ్గరగా జరిగిన తొలి ఫొటో ఎడిటింగ్‌లలో దీన్ని చెప్పుకోవచ్చు.

అదే కాలంలో ఐరోపాలో ఒకటికి మించిన నెగిటివ్‌లను కలిపి ఒకే ప్రింటు వేసే పద్ధతి పెరిగింది. ఆస్కార్ రెజ్లాండర్ 1857లో ముప్పైకి పైగా నెగిటివ్‌లతో ఒక పెద్ద చిత్రం కూర్చాడు. హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో ఐదు నెగిటివ్‌లతో మరణశయ్య మీదున్న అమ్మాయి దృశ్యాన్ని తయారుచేశాడు. నిజం కాని దృశ్యాన్ని ఫొటోగా చూపడం మోసమా, కళా అనే వాదన అప్పుడే మొదలైంది.

తెలుగు నేల మీద పెద్ద స్టూడియోల కాలం సికింద్రాబాద్‌లో మొదలైంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1886లో అక్కడ స్టూడియో తెరిచాడు. గాజు నెగిటివ్ మీద పెన్సిల్‌తో ముఖం ముడతలు సరిచేయడం అలాంటి స్టూడియోల రోజువారీ పని.

కరువు ఫొటోలు

1876–78 నాటి కరువును సీమ జనం ధాత కరువు అని పిలుచుకున్నారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ కాలంలో సైనికాధికారి విలోబీ వాలెస్ హూపర్ మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు బాధితుల ఫొటోలు తీశాడు. ఎముకల గూడులైన మనుషులను కుటుంబ చిత్రంలా వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఆ బొమ్మలు ఇంగ్లండ్‌లో కలకలం రేపాయి. బాధితులకు సాయం చేయకుండా వారిని ఫొటో కోసం అమర్చాడని హూపర్ మీద విమర్శ వచ్చింది.

ఆ ఫొటోల్లో రసాయనంతో చేసిన మార్పు ఏమీ లేదు. అయినా మనుషులను అమర్చడంలోనే ప్రయోగం ఉంది, తప్పు కూడా అక్కడే ఉంది. నెగిటివ్‌ను ముట్టుకోకుండా కూడా ఫొటోను మార్చవచ్చని ఈ నేల బాధతో ముడిపడిన ఆ చిత్రాలు చెబుతాయి. ఎండిన చెరువులోనో బీటలు వారిన చేలోనో రైతును కూర్చోబెట్టి తీసే నేటి పోటీ ఫొటోలను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

స్టూడియో యుగం

20వ శతాబ్దంలో తాలూకా కేంద్రాలకు స్టూడియోలు వచ్చాయి. గోడకు రంగులతో వేసిన తెర మీద మేడ మెట్లు, తోట, సరస్సు ఉండేవి. చుక్క నీటి కోసం మైళ్లు నడిచే ఊరి మనిషి సరస్సు ముందు నిలబడి ఫొటో దిగేవాడు. స్టూడియో ఆ కోరికను గౌరవించింది. ఆ తెర ముందు తీసినవి కూడా సృజనాత్మక చిత్రాలే.

అప్పటి ఎడిటింగ్ చేతిపని. టచింగ్ అనే ఆ పనిలో నెగిటివ్ మీద మెత్తని పెన్సిల్‌తో మచ్చలు కప్పేవారు. ప్రింటు మీద తెల్లచుక్కలను సన్నని కుంచెతో నింపేవారు. నలుపు తెలుపు ప్రింటుకు పారదర్శకమైన ఫొటో రంగులు అద్ది పెదవులకు ఎరుపు, నగలకు పసుపు, చీర అంచుకు పచ్చ వేసేవారు. భార్యాభర్తలు కలిసి ఒక్క ఫొటో కూడా దిగకుండా ఒకరు పోతే, విడివిడి ఫొటోల నుంచి ముఖాలు కత్తిరించి, అతికించి, మళ్లీ ఫొటో తీసి జంట చిత్రం చేసేవారు. ఇంటి గోడకు దండ వేసి ఉన్న ఎన్నో చిత్రాల వెనుక ఇలాంటి పని ఉంది.

ఒకే మనిషి ఒకే ఫొటోలో రెండు చోట్ల కనిపించే చిత్రం స్టూడియోల వింత ప్రదర్శన. లెన్సు ముందు సగం మూసి ఒకసారి, ఫిల్మ్ తిప్పకుండా మిగతా సగం మూసి ఇంకోసారి తీస్తే అది వస్తుంది. సినిమాల్లో ద్విపాత్రాభినయానికి మూలం ఇదే కిటుకు. 1964లో వచ్చిన రాముడు భీముడు నాటికి తెలుగు ప్రేక్షకుడికి అది అలవాటైపోయింది.

అగ్ఫా క్లిక్ 3 లాంటి చవక కెమెరాలు, ఊటీలో ప్రభుత్వ రంగంలో నెలకొన్న హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు ఫిల్ములు ఫొటోగ్రఫీని ఇళ్లలోకి తెచ్చాయి. కలర్ ల్యాబులు వచ్చాక ఫిల్మ్ కడగడం యంత్రం పనైంది. డార్క్‌రూమ్ ప్రయోగాలు చాలా చోట్ల అక్కడితో ఆగాయి.

సీమ మనుషులు, సినిమా ట్రిక్కులు

కర్నూలు, కడప సీమలో పుట్టినవారు ఫొటో ప్రయోగానికి చేసిన పెద్ద సేవ మద్రాసులో జరిగింది. బి.ఎన్. రెడ్డి, ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి కడప జిల్లా వారు. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది, అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986 సంవత్సరానికి. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నడిపిన విజయా సంస్థ చిత్రాలు కొన్నిటికి దర్శకుడైన కె.వి. రెడ్డిది పక్కనున్న అనంతపురం జిల్లా తాడిపత్రి. పాతాళ భైరవి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ.

మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్తాయి. ద్వారకా నగరం చిన్న నమూనాగా కట్టి తీసినది. నౌకావిహారం సన్నివేశంలో వెన్నెల దీపాలతో, ఫిల్టర్లతో, ఎక్స్‌పోజర్ లెక్కలతో పుట్టింది. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో ప్రతి మాయ కెమెరా లోపలే జరగాలి, లేదా ప్రింటింగ్ యంత్రం మీద జరగాలి. తప్పు జరిగితే వెనక్కి తీసుకునే మీట లేదు. అందుకే లెక్క ముందు, చిత్రీకరణ తర్వాత.

2010లో మాయాబజార్‌ను హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి విడుదల చేసింది. నలుపు తెలుపు చిత్రంలో వెలుగు మోతాదు మాత్రమే ఉంటుంది. ఏ బూడిద ఛాయకు ఏ రంగు అన్నది రంగులు వేసేవారు నిర్ణయించాలి. ఆ రంగులు చాలామందిని అలరించాయి. బార్ట్‌లీ నలుపు తెలుపులకే సరిపోయేలా కొలిచి పెట్టిన వెన్నెల మాత్రం పాత ప్రింటులోనే నిండుగా ఉంది.

రకాలు

ప్రయోగాలను అవి జరిగే చోటును బట్టి మూడుగా విభజించవచ్చు. (డ్రోన్ చిత్రాలకు చూడండి: చట్టం, హక్కులు.)

కెమెరాలో జరిగేవి: షట్టర్‌ను సెకన్ల పాటో నిమిషాల పాటో తెరిచి ఉంచే దీర్ఘ ఎక్స్‌పోజర్, ఒకే ఫ్రేము మీద రెండుసార్లు తీసే డబుల్ ఎక్స్‌పోజర్, చీకట్లో టార్చితో వస్తువుకు వెలుగు పూసే లైట్ పెయింటింగ్, కదిలే వస్తువుతో పాటు కెమెరాను తిప్పే ప్యానింగ్, కంటికి కనపడని పరారుణ కిరణాలతో తీసే ఇన్‌ఫ్రారెడ్. ఇన్‌ఫ్రారెడ్‌లో పచ్చని ఆకులు తెల్లగా వస్తాయి. వేప, చింత చెట్ల ఊళ్లలో ఇది బాగా పనిచేస్తుంది.

రసాయనంతో జరిగేవి: వీటిలో సీమకు బాగా నప్పేది సయనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూసి, నీడలో ఆరబెట్టి, మీద ఆకునో నెగిటివ్‌నో ఉంచి ఎండలో పెడతారు. అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ముదురు నీలం ఏర్పడుతుంది. తగలని పూతను నీళ్లతో కడిగేస్తే తెల్లని ఆకృతి మిగులుతుంది. డార్క్‌రూమ్ అక్కర్లేదు, కెమెరా కూడా అక్కర్లేదు. ఇంజినీర్ల బ్లూప్రింట్ ఇదే రసాయనం నుంచి వచ్చింది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప ఎండ బడి పిల్లల చేత ఈ ప్రయోగం చేయించడానికి చక్కని వనరు. పాఠశాలలు దీన్ని వాడుకోకపోవడం విచారకరం.

కంప్యూటర్‌లో జరిగేవి: కొలాజ్, కాంపోజిట్, రంగుల మార్పు, హెచ్‌డీఆర్, ఫోకస్ స్టాకింగ్, పాత ఫొటో పునరుద్ధరణ, ఇటీవలి కృత్రిమ మేధ చిత్రాలు. థామస్, జాన్ నోల్ సోదరులు రాసిన ఫోటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాయి. తెలుగు స్టూడియోల పనిని మలుపు తిప్పింది ఆ లేయర్లే. చేతి ఫోన్‌లో స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్‌లు వచ్చాక ఎడిటింగ్ దుకాణం దాటి ఇంటికి చేరింది.

పనితీరు

కెమెరా సెన్సర్ ఒక్కో పిక్సెల్‌కు వెలుగు మోతాదును అంకెగా రాసుకుంటుంది. ఆ అంకెలను మార్చకుండా దాచే 14 బిట్ల రా ఫైలులో ఆ అంకెకు 16,384 మెట్లు ఉంటాయి, 8 బిట్ల జేపెగ్ ఫైలులో 256 మాత్రమే. నీడలో దాగిన వివరాన్ని తర్వాత వెలికితీయాలంటే రా ఫైలు కావాలన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. జేపెగ్‌లో నీడను లాగితే మచ్చలూ పట్టీలూ బయటపడతాయి.

లేయర్ అంటే బొమ్మ మీద పరిచిన మరో పొర. మాస్క్ ఆ పొరలో ఎంత భాగం కనపడాలో నిర్ణయిస్తుంది. మాస్క్‌లో తెలుపు ఉన్న చోట పై పొర కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట దాగుతుంది, బూడిద రంగులో సగం సగం కనిపిస్తుంది. పెళ్లికూతురి ఫొటోను నేపథ్యం నుంచి వేరు చేసేటప్పుడు భుజం, చీర అంచు వరకు పెన్ టూల్‌తో గీత గీస్తే పని తేలిక. జడలో మల్లెపూల దండ దగ్గర కష్టం మొదలవుతుంది. నల్లని జుట్టు, తెల్లని పూరేకులు, మధ్యలో సందుల్లోంచి కనిపించే పాత గోడ ఉంటాయి. గీత గట్టిగా గీస్తే పూలు కాగితం కత్తిరించినట్టు కనిపిస్తాయి. వదులుగా గీస్తే పాత గోడ రంగు అంచుకు అంటుకుంటుంది. నేర్పరి ఎడిటర్ అక్కడ పొరకు పొర కొత్త మాస్క్ వేసి, అంచు రంగును కొత్త నేపథ్యపు రంగుకు దగ్గర చేస్తాడు. వెలుగు దిశ కూడా కలవాలి. ముఖానికి ఎడమ నుంచి వెలుగు పడి, వెనుక అతికించిన గండికోట లోయకు కుడి నుంచి పడితే ఎంత నున్నని మాస్క్ అయినా నమ్మించలేదు.

కొలత కూడా ముఖ్యం. 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటో 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 413 × 531 పిక్సెళ్లు. 12 × 36 అంగుళాల పెళ్లి ఆల్బమ్ జంట పేజీ అదే సాంద్రతలో 3,600 × 10,800 పిక్సెళ్లు. 10 × 8 అడుగుల ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కనుక 72 డీపీఐ చాలు. అయినా అది 8,640 × 6,912, అంటే దాదాపు 6 కోట్ల పిక్సెళ్లు. వాట్సాప్‌లో నలిగి వచ్చిన చిన్న ఫొటోను ఆ కొలతకు సాగదీయడం ఫ్లెక్సీ దుకాణం నిత్య సమస్య.

సీమ వెలుగు, సీమ రాయి

ప్రకృతి దృశ్యాలతో ప్రయోగం చేసేవారికి ఈ ప్రాంతపు బలం రాయి. కడప, కర్నూలు శిలా వ్యవస్థల మీద విలియం కింగ్ 1872లోనే భూగర్భ శాఖ తరఫున పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఎర్రని క్వార్ట్‌జైట్, లేత బూడిద సున్నపురాయి, పలకరాయి పొరలు పొరలుగా ఇక్కడ బయటికి కనిపిస్తాయి. పొద్దు వాలే వేళ ఏటవాలు వెలుగు ప్రతి పొర అంచునూ విడిగా చూపుతుంది. నలుపు తెలుపు ఎడిటింగ్‌లో ఎర్ర ఛాయను పెంచి నీలి ఛాయను తగ్గిస్తే రాయి మెరుస్తుంది, ఆకాశం ముదురుతుంది.

జమ్మలమడుగు దగ్గరి గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన లోయ ఉంది. సూర్యోదయ వేళ ఒక గట్టు వెలుగులో, లోయ అడుగు చీకట్లో ఉంటాయి. ఆ రెండింటి తేడా సెన్సర్ ఒక్కసారిలో పట్టలేనిది. అందుకని ఒకే చోటి నుంచి వెలుగు మోతాదు మార్చి, మైనస్ 2, సున్న, ప్లస్ 2 స్టాపుల్లో మూడు ఫొటోలు తీసి కలుపుతారు. దీన్నే హెచ్‌డీఆర్ అంటారు. మోతాదు మించితే రాళ్లన్నీ ప్లాస్టిక్ మెరుపుతో కనిపిస్తాయి. గండికోట పేరుతో చలామణి అయ్యే చిత్రాల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. లోయలో కాస్త నీడను నీడగా వదిలిన చిత్రమే దాని లోతును చెబుతుంది.

గండికోట రాత్రి చిత్రాలకూ అనువైన చోటు. ఇది 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరలో ఉంది కనుక ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. నక్షత్రాల వలయాలు తీసేవారికి కోట గోడ మీదుగా వలయ కేంద్రాన్ని ఫ్రేములో పెట్టుకోవడం తేలిక. పాలపుంత కేంద్రం దక్షిణాన గరిష్ఠంగా 46 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. వానాకాలానికి ముందు నెలలు దానికి మంచివి. 20 మిల్లీమీటర్ల లెన్సుతో 20 సెకన్లకు మించి షట్టర్ తెరిస్తే నక్షత్రాలు గీతలుగా సాగడం మొదలవుతుంది. కోట కోసం వేరే ఎక్స్‌పోజర్ తీసి తర్వాత కలపడం మామూలే. రెండూ ఒకే చోట, ఒకే రాత్రి తీసినవైతే దాన్ని చాలామంది న్యాయమైన ఎడిటింగ్‌గా ఒప్పుకుంటారు. ఎక్కడిదో పాలపుంతను తెచ్చి అతికిస్తే అది కాంపోజిట్ అని చెప్పాలి.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982–83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది. గుహలో రకరకాల రంగు దీపాలు కలగలిసి ఉండటంతో కెమెరా వైట్ బ్యాలెన్స్ తికమక పడుతుంది. సున్నపురాయి సహజ రంగు కావాలంటే తెల్లని దీపం పడే చోటు వెతుక్కుని, రా ఫైలులో తీసి, తర్వాత సరిచేయాలి.

కర్నూలు – నంద్యాల దారిలో ఓర్వకల్లు రాక్ గార్డెన్ ఉంది. బాహుబలి చిత్రీకరణ 2013 జూలై 6న ఇక్కడే మొదలైంది. ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్, విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు వి. శ్రీనివాస్ మోహన్. కల్పిత మాహిష్మతి కథకు తొలి అడుగు నిజమైన సీమ రాళ్ల మీద పడింది. మాయాబజార్ నమూనా ద్వారక నుంచి ఇక్కడిదాకా ఒకే సూత్రం నడిచింది. నిజమైన వస్తువు మీద పడిన నిజమైన వెలుగును ఆధారం చేసుకుని కల్పనను అల్లడమే ఆ సూత్రం.

ఉత్సవాలు, కదలిక

విజయదశమి రాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి బన్నీ ఉత్సవం జరుగుతుంది. కర్రలు, దివిటీలతో జనం తలపడతారు, ఏటా గాయాలవుతాయి. వెలుగు దివిటీలదే కనుక సెకనులో 15వ వంతు షట్టర్‌తో మంట గీతలుగా సాగుతుంది, మనుషులు నీడలుగా మిగులుతారు. 400వ వంతుకు వెళ్తే కర్ర గాల్లో నిలుస్తుంది, ఐఎస్‌ఓ పెరిగి బొమ్మ గరుకుగా వస్తుంది. ఏది నిజం అంటే రెండూ నిజమే. ఉగాది మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలలో జరిగే పిడకల సమరంలో దుమ్ము ప్రధానం. ఎదురు ఎండలో తీస్తే ప్రతి రేణువూ వెలుగుతుంది. రెండు చోట్లా ఫొటోగ్రాఫర్ ప్రాణం, పక్కవాడి ప్రాణం ఏ ఫొటో కన్నా విలువైనవి. దూరం నుంచి పొడవాటి లెన్సుతో తీయడమే క్షేమం.

ప్రయోగానికి తావులేని చోటు

వన్యప్రాణి చిత్రాల్లో ఎడిటింగ్ పరిధి చిన్నది. కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రి తిరిగే ఈ పిట్టను వెతకడానికి పరిశోధకులు కాలిముద్రల పట్టీలను, ఆటోమేటిక్ కెమెరాలను వాడి 2002లో ఫలితాలు ప్రచురించారు. అలాంటి ఫొటో సాక్ష్యం. అందులో ఒక గడ్డిపోచ చెరిపినా సాక్ష్యం పాడవుతుంది. ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు ప్రకృతి, పత్రికా విభాగాల్లో వస్తువును చేర్చడాన్ని, తీసేయడాన్ని నిషేధించి, ఊహాచిత్రాలకు వేరే విభాగం పెట్టాయి. పోటీలకు పంపే మన ఔత్సాహికులు చాలాసార్లు విభాగం తప్పి ఓడిపోతారు.

ఉపయోగాలు, సామాజిక ప్రభావం

ఎడిటింగ్ సీమలో ఎంతోమంది యువకులకు జీవనాధారం. పెళ్లి ఆల్బమ్, పుష్పవతి ఫంక్షన్ వీడియో, ప్రీ వెడ్డింగ్ షూట్, పుట్టినరోజు బ్యానర్, వర్ధంతి పోస్టర్ అన్నీ ఫోటోషాప్ బల్ల మీదుగానే వెళ్తాయి. తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు ఏళ్ల తరబడి ఆధారం. నాయకుడి ముఖం పెద్దది, కార్యకర్తలవి వరుసగా చిన్నవి, వెనుక సింహమో సూర్యుడో వేయడం ఫ్లెక్సీ కూర్పు సంప్రదాయం. ఎవరి ముఖం ఎంత కొలత అన్నది ఊరి రాజకీయం తేలుస్తుంది. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించి, తర్వాత అమలును వాయిదా వేసింది.

ఒక దురలవాటును ఇక్కడ పేర్కొనక తప్పదు. పెళ్లి సంబంధాల ఫొటోల్లో, ఆల్బముల్లో ఒంటి రంగును నాలుగైదు ఛాయలు తేల్చడం చాలా చోట్ల అడగకుండానే జరిగిపోతుంది. సీమ ఎండలో పనిచేసిన చామనఛాయ ముఖాన్ని గుర్తుపట్టలేనంత తెల్లగా చేయడం అవమానమే. ఎక్స్‌పోజర్ సరిగ్గా కొలిచి, మెత్తని వెలుగు పెడితే ఆ ఛాయ నిండుగా వస్తుంది.

కృత్రిమ మేధతో పాత ఫొటో బాగుచేసే యాప్‌లు మరో చిక్కు తెచ్చాయి. గీతలు, మడతలు పోగొట్టడంలో అవి సమర్థమైనవి. మసకబారిన ముఖాన్ని మాత్రం అవి వెలికితీయవు, తాము చూసిన లక్షల ముఖాల ఆధారంగా కొత్తది అల్లుతాయి. తాత కళ్లని ఇంట్లో అందరూ నమ్మేవి తాతవి కాకపోవచ్చు.

చట్టం, హక్కులు

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, 2012 సవరణ తర్వాత, ఫొటోకు తీసినవారి జీవితకాలమంతా, వారు మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. పెళ్లి ఫొటోను స్టూడియో ప్రకటనకు వాడాలంటే ముందుగా అడగాలి. అనుమతి లేకుండా వ్యక్తి ఆంతరంగిక చిత్రాన్ని తీయడం, పంచడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66ఈ సెక్షన్ కింద నేరం. ముఖాలు మార్చి మోసగించడానికి ఇతర సెక్షన్లు వర్తిస్తాయి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డ్రోన్లకు నమోదు, ఎగురవేసే ప్రాంతాల విభజన ఉన్నాయి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు సడలింపులున్నాయి. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల దగ్గర డ్రోన్‌కు, వాణిజ్య చిత్రీకరణకు, అభయారణ్యాల్లో ఏ చిత్రీకరణకైనా సంబంధిత శాఖ అనుమతి తీసుకోవాలి.

శిక్షణ

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2020లో ఏర్పడింది. అయినా ఈ విద్య ఎక్కువగా స్టూడియోలో సహాయకుడిగా చేరి, లైటు పట్టుకుని, ఆల్బమ్ పేజీలు దిద్దుతూ నేర్చుకునేదే. ఇప్పుడు ఆ స్థానంలోకి యూట్యూబ్ తెలుగు పాఠాలు కూడా వచ్చాయి.

సంరక్షణ

స్టూడియోలు మూతపడినప్పుడు నెగిటివ్‌ల పెట్టెలు చెత్తలోకి వెళ్తున్నాయి. రంగులద్దిన పాత ప్రింట్లు ఎండకు వెలిసిపోతున్నాయి. ఇంట్లో అలాంటి ఫొటో ఉన్నవారు దాన్ని ముందూ వెనుకా కనీసం 600 డీపీఐలో స్కాన్ చేసి, టిఫ్ ఫైలుగా రెండు చోట్ల దాచాలి. ఫొటో ఫ్రేము అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకకూడదు, అద్దం మీదుగానే ఫొటో తీయాలి. వెనుక స్టూడియో ముద్ర, ఊరు, సంవత్సరం ఉంటే రాసి పెట్టాలి. దిద్దిన కాపీని వేరే పేరుతో దాచి, దిద్దని స్కాన్‌ను అలాగే ఉంచాలి.